స్లాబు కుంగొద్దంటే... కంకర సంగతి అడగండి!

దుబాయ్, దోహా, కువైట్, రియాద్... ఎక్కడ తలెత్తి చూసినా మేడలే. వాటికి షట్టరింగ్ కొట్టినవాళ్లలో, ఇనుము కట్టినవాళ్లలో, పంపు పైపు పట్టుకుని కాంక్రీటు పోసినవాళ్లలో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వాళ్లున్నారు. రాజంపేట, రాయచోటి వాళ్లున్నారు. కోనసీమ వాళ్లున్నారు. ఇక్కడ రోజూ వందల క్యూబిక్ మీటర్ల కాంక్రీటు చూసే మేం, ఊళ్లో సొంతింటికి పోసే పది, పన్నెండు క్యూబిక్ మీటర్ల గురించి మాత్రం ఫోన్‌లో వినడమే. వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు పట్టేది అంతే. ఇక్కడి లెక్కన రెండు మిక్సర్ లారీలు. కానీ మనకు అది ఏళ్ల కష్టం.

"అన్నా, బుధవారం స్లాబు పోస్తున్నం. 53 గ్రేడు సిమెంటే తెప్పించినం, ఇగ రంది లేదు" అని ఊరి నుంచి తమ్ముడు చెబుతాడు. "మంచిది రా, జాగ్రత్తగా పోయించు" అంటాడు అన్న. మాట అక్కడితో అయిపోతుంది. సిమెంటు గ్రేడు అందరూ అడుగుతారు. కంకర ఏ క్వారీది, ఇసుకలో దుమ్మెంత, నీళ్లెన్ని, సెంట్రింగ్ ఎన్నో రోజున విప్పుతారు అని అడిగేవాళ్లు తక్కువ. స్లాబు కూలకుండా నిలవడానికి సిమెంటు ఎంత ముఖ్యమో, అది కుంగకుండా ఉండటానికి ఈ నాలుగూ అంత ముఖ్యం. అందుకే ఈ వారం కాంక్రీటు గురించి మనకు తెలిసిన పని భాషలోనే నాలుగు మాటలు.

బలం వేరు, బిగువు వేరు

వెదురు గెడ బరువు పెడితే వంగుతుంది. కానీ అంత తేలిగ్గా విరగదు. ఇంటిమీద పెంకు వంగదు. కానీ చేయి జారిందంటే రెండు ముక్కలు. విరగకుండా తట్టుకోవడం బలం. వంగకుండా నిలవడం బిగువు. ఇంజినీర్లు ఈ రెండోదాన్ని స్టిఫ్‌నెస్ అంటారు. కాంక్రీటు అనే పదార్థానికి అది ఎంత ఉందో చెప్పే కొలత పేరు ఎలాస్టిక్ మాడ్యులస్.

సైట్‌లో మనం "ఇది 40 న్యూటన్ కాంక్రీటు, అది 60 న్యూటన్" అంటుంటాం కదా, అది బలం లెక్క. చదరపు మిల్లీమీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడికి క్యూబు పగులుతుందో చెప్పేది. బిగువును కూడా న్యూటన్లలోనే చెబుతారు గానీ ఆ అంకెలు వేలల్లో ఉంటాయి. అంకె పెద్దదయ్యేకొద్దీ కాంక్రీటు తక్కువ వంగుతుంది.

మన ఇళ్ల స్లాబులు ఎక్కువగా బాధపెట్టేది కూలిపోయి కాదు, కుంగిపోయి. నడుమ కొంచెం దిగుతుంది. డాబా మీద వాన నీళ్లు నిలుస్తాయి. కింద అడ్డగోడలు పగులుతాయి. తలుపు పట్టేస్తుంది. టైల్సు లేస్తాయి. చుట్టాలు వచ్చి "కాంట్రాక్టరు సిమెంటు మింగాడు" అంటారు. చాలాసార్లు సిమెంటు సరిపడానే పడి ఉంటుంది. తప్పు ఇంకెక్కడో ఉంటుంది.

సిమెంటు పెంచితే బిగువు అంతే పెరగదు

భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 456 కోడు, 2000 సంవత్సరంలో సవరించినది, మన దేశంలో కాంక్రీటు పనికి ఆధారం. అందులో ఒక చిన్న సూత్రం ఉంది. కాంక్రీటు గ్రేడు అంకెకు వర్గమూలం తీసి 5000తో గుణిస్తే దాని బిగువు వస్తుంది. ఆ లెక్కన ఎం20కి సుమారు 22,360. ఎం25కి 25,000. ఎం40కి 31,620.

ఈ అంకెల్ని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఎం20 నుంచి ఎం40కి పోతే బలం రెట్టింపు. బిగువు పెరిగింది మాత్రం 41 శాతం. ఎం20 నుంచి ఎం25కి పోతే బలం 25 శాతం పెరిగింది, బిగువు 12 శాతమే. అంటే సిమెంటుకు పెట్టిన డబ్బు బలంలో కనపడినంతగా బిగువులో కనపడదు.

ఇదే కోడు ఇంకో మాట కూడా చెబుతుంది. ఈ సూత్రంతో వచ్చిన అంకెకూ, అసలు కొలిస్తే వచ్చే అంకెకూ 20 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని. అంటే ఎం20 అని ఒకే పేరు పెట్టుకున్న రెండు స్లాబుల్లో ఒకటి 18 వేల దగ్గర, ఇంకోటి 27 వేల దగ్గర ఉండొచ్చు. ఈ తేడాకు పెద్ద కారణం రాయి.

బిగువు రాయి సొత్తు

ఒక తట్ట కాంక్రీటులో ముప్పావు భాగం దాకా కంకర, ఇసుకే. మిగిలింది సిమెంటు, నీళ్లు కలిసిన ముద్ద. గట్టిపడ్డాక ఆ ముద్ద బిగువు సుమారు 10 వేల నుంచి 25 వేల దాకా ఉంటుంది. మంచి గ్రానైటు రాయిది 50 వేల చుట్టుపక్కల. బసాల్టు, గాబ్రో లాంటి నల్లరాళ్లవి 70 వేలు దాటడం మామూలే. మెత్తటి ఇసుకరాయిది 20, 30 వేల దగ్గరే ఆగిపోవచ్చు. పోల్చుకోవడానికి, ఇనుముది 2 లక్షలు.

కాంక్రీటులో మెత్తన భాగం సిమెంటు ముద్ద. గట్టి భాగం రాయి. సిమెంటు పని ఆ రాళ్లను విడిపోకుండా పట్టుకోవడం. వంగకుండా ఆపేది ప్రధానంగా రాయే.

యూరప్ వాళ్ల కోడులో ఇది ఇంకా తేటగా ఉంది. క్వార్ట్‌జైటు కంకరతో చేసిన సీ30/37 గ్రేడు కాంక్రీటు బిగువు 33,000 అనుకోమంటుంది. అదే గ్రేడుకు సున్నపురాయి కంకర వాడితే 10 శాతం తగ్గించమంటుంది. ఇసుకరాయి అయితే 30 శాతం తగ్గించమంటుంది. బసాల్టు అయితే 20 శాతం పెంచమంటుంది. లెక్క వేస్తే ఇసుకరాయికి 23,100, బసాల్టుకు 39,600. గ్రేడు ఒక్కటే, బలం ఒక్కటే. రాయి మారేసరికి బిగువు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడండి.

గట్టి రాయితో ఇంకో లాభం కూడా ఉంది. నీరు ఆరుతుంటే సిమెంటు ముద్ద కుంచించుకుపోతుంది. బరువు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా దిగుతుంది. రాయి ఈ రెండింటినీ కొంతవరకు పట్టి ఆపుతుంది. అందుకే "ఓ పది సంచులు ఎక్కువేయించాం, ఢోకా లేదు" అనే మాట సగమే నిజం. సిమెంటు మరీ ఎక్కువైతే ముద్ద ఎక్కువ, రాయి తక్కువ. కుంచింపు పగుళ్లు ఎక్కువ.

బుర్జ్ ఖలీఫా దగ్గర ఏం చేశారు?

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా 2010 జనవరి 4న ప్రారంభమైంది. దాని కింది అంతస్తుల గోడలకు, స్తంభాలకు 80 న్యూటన్ల కాంక్రీటు పెట్టారు. ఇంజినీర్లు బలం అంకె ఒక్కటే రాసి ఊరుకోలేదు. 90 రోజులకు బిగువు 43,800 ఉండాలని విడిగా రాశారు. అంత ఎత్తు కట్టడానికి కూలిపోకుండా ఉండటం ఒక్కటే చాలదు. గాలికి ఊగడం తగ్గాలి. పై బరువుకు కింది గోడలు కురచకావడం తగ్గాలి. అక్కడ వాడింది స్థానిక కంకరే. సిమెంటుతో పాటు ఫ్లైయాష్ కూడా కలిపారు.

మన ఇంటికి అంత అక్కర్లేదు. కానీ అక్కడి పద్ధతి అక్కరకొస్తుంది. బలాన్ని వేరుగా, బిగువును వేరుగా చూడాలన్నదే ఆ పద్ధతి.

ఇక్కడ గాబ్రో, అక్కడ గ్రానైటు

బ్యాచింగ్ ప్లాంటులో పనిచేసేవాళ్లకు గాబ్రో పేరు కొత్త కాదు. ఫుజైరా వైపు కొండల్లో, ఒమాన్ కొండల్లో దొరికే నల్లటి బరువైన రాయి. రస్ అల్ ఖైమాలో గట్టి సున్నపురాయి క్వారీలున్నాయి. ఖతర్‌లో దొరికేది ఎక్కువగా మెత్తటి సున్నపురాయి. అందుకే అక్కడ ముఖ్యమైన కాంక్రీటు పనులకు గాబ్రోను ఓడల్లో తెప్పించుకున్నారు. ఇసుక ఎడారి మధ్యలో ఉండి కూడా రాయి కోసం సముద్రం దాటించారంటే దాని విలువ అర్థం చేసుకోవచ్చు.

మనకు ఆ బాధ లేదు. తెలుగు నేలంతా రాయే. కరీంనగర్ గ్రానైటు టాన్ బ్రౌన్ పేరుతో విదేశాలకు పోతుంది. ఉమ్మడి ఆదిలాబాద్‌లో కొన్నిచోట్ల, జహీరాబాద్, వికారాబాద్ వైపు నల్ల బసాల్టు ఉంది. గోదావరి జిల్లాల్లో పంగిడి, గౌరీపట్నం నల్లకంకర కూడా బసాల్టు జాతే. శేషాచలం, పాలకొండల్లో క్వార్ట్‌జైటు ఉంది. విశాఖ చుట్టుపక్కల మాత్రం జాగ్రత్త కావాలి. అక్కడి కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఎక్కువ. ఎండకు వానకు పుచ్చిపోయిన ఖోండలైట్ కంకరకు పనికిరాదు. అదే ప్రాంతంలో దొరికే చార్నొకైట్ గట్టిది.

ఊరి పేరు, రాయి పేరు మంచిదైనంత మాత్రాన లారీలో వచ్చిన కంకర మంచిదని కాదు. ఏ క్వారీలోనైనా పైపొర మొరంగా, పుచ్చి ఉంటుంది. లోపలి రాయి వేరు. తక్కువ ధరకు ఇచ్చేది ఆ పైపొర కావచ్చు. ఇంటివాళ్లు చేయగలిగిన పరీక్షలు ఇవి. నాలుగు ముక్కలు తీసి సుత్తితో కొట్టమనండి. ఖంగుమని పగిలి లోపల తాజా రంగు కనపడితే మంచిది. మొద్దుగా మోగి పొడిగా రాలితే లారీ తిప్పి పంపాల్సిందే. గుప్పెడు కంకర బకెట్ నీళ్లలో వేసి కలిపితే నీళ్లు బురదయ్యాయా, అది దుమ్ము. రాయి ఎంత గట్టిదైనా పైన దుమ్ము పొర ఉంటే సిమెంటు రాయిని పట్టదు, దుమ్మును పడుతుంది. నీళ్లు కొట్టి కడిగి వాడాలి. పెంకుల్లా పలచగా, పుల్లల్లా పొడుగ్గా ఉన్న ముక్కలు ఎక్కువుంటే అవి సరిగ్గా సర్దుకోవు, మధ్య ఖాళీలు మిగులుతాయి. 20 ఎంఎం కంకరతో పాటు 10 లేదా 12 ఎంఎం కూడా కలిపితే పెద్ద రాళ్ల సందుల్లో చిన్నవి కూర్చుంటాయి.

ఇసుకకు గాజు సీసా చాలు. సగం దాకా ఇసుక పోసి, నీళ్లు నింపి, బాగా ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టాలి. పైన పేరుకున్న మెత్తటి ఒండ్రు పొర, ఇసుక మందంలో 8 శాతం దాటితే ఆ ఇసుక కడగాలి, లేదా మార్చాలి. రోబో ఇసుక వాడొచ్చు. కానీ రోబో ఇసుక అని చెప్పి క్రషర్ డస్ట్ తోలితే ఒప్పుకోవద్దు. మెత్తటి పొడి ఎక్కువుంటే నీళ్లు ఎక్కువ అడుగుతుంది. కష్టాలు అక్కడే మొదలవుతాయి.

53 అంటే అసలేమిటి?

సిమెంటు సంచి మీద 43, 53 అని ఉండేది కాంక్రీటు బలం కాదు. ఆ సిమెంటుతో ప్రయోగశాలలో ప్రామాణిక ఇసుక కలిపి చేసిన చిన్న క్యూబులు 28 రోజులకు చూపాల్సిన కనీస బలం. మన స్లాబు ఎం20 అవుతుందా, ఎం15 అవుతుందా అన్నది మనం కలిపే పాళ్లు, నీళ్లు, క్యూరింగ్ తేలుస్తాయి. ఇనుము వేసే స్లాబుకు ఎం20 కన్నా తగ్గకూడదని కోడు చెబుతుంది.

53 గ్రేడు తొందరగా గట్టిపడుతుంది. తొందరగా వేడెక్కుతుంది కూడా. ఎండలో పోసి నీళ్లు ఆలస్యంగా పడితే పగుళ్లు తేలుతాయి. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ, స్లాగ్ కలిసిన సిమెంటు మొదట్లో నెమ్మది. తర్వాత అందుకుంటాయి. గల్ఫ్‌లో ఉప్పునేలకు, వేడికి తట్టుకోవాలని స్లాగ్ కలపడం మనం రోజూ చూస్తున్నదే. కాబట్టి పీపీసీ నాసిరకం కాదు. దానికి కావాల్సింది ఓపిక. మొదటి రోజుల్లో దాని బిగువు తక్కువ ఉంటుంది కనుక నీళ్లు ఎక్కువ రోజులు పట్టాలి, సెంట్రింగ్ ఎక్కువ రోజులు ఉంచాలి. సంచి మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. 3 నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయించకుండా వాడొద్దు.

నీళ్లే దొంగ

ఇక్కడ సైట్‌లో మిక్సర్ లారీలో డ్రైవరు ఒక బకెట్ నీళ్లు పోస్తే ఏమవుతుందో తెలుసు కదా. లోడు వెనక్కి పోతుంది. ఊళ్లో మాత్రం "జారడం లేదు, పైపు పెట్టు" అంటే పెట్టేస్తారు. ఐ.ఎస్. 456లో పాళ్ల ప్రకారం కలిపే ఎం20కి 50 కిలోల సంచికి 30 లీటర్ల నీళ్లే గరిష్ఠం. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. సిమెంటుకు అవసరం లేని నీళ్లు తర్వాత ఆరిపోయి, అవి ఉన్నచోట సన్నటి ఖాళీలు మిగులుతాయి. ఖాళీకి బలమూ లేదు, బిగువూ లేదు. మంచి రాయి, మంచి సిమెంటు కొని ఖాళీలు నింపుకున్నట్టే. జారుడు కావాలంటే ఇంజినీరును అడిగి ప్లాస్టిసైజర్ కలపాలి, నీళ్లు కాదు.

సెంట్రింగ్ విప్పే తొందర

సెంట్రింగ్ రేకులకు, జాకీలకు రోజు అద్దె. ఇంకో ఇంటికి పోవాలని మేస్త్రీకి తొందర. ఇక్కడే చాలా స్లాబులు దెబ్బతింటాయి. మామూలు సిమెంటుకు, 4.5 మీటర్ల లోపు వెడల్పున్న గది స్లాబు కింద పోట్లు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని కోడు. దూలాల కింద 6 మీటర్ల లోపు అయితే 14 రోజులు, మించితే 21 రోజులు. పీపీసీ అయితే ఇంజినీరు చెప్పినన్ని రోజులు ఇంకా ఎక్కువ.

ఎందుకంటే లేత కాంక్రీటు మీద పడ్డ బరువు ఒక్కరోజుతో పోదు. కోడు లెక్క చూడండి. 7 రోజుల వయసులో బరువు పడితే, కాంక్రీటు ఆ క్షణంలో ఎంత కుదించుకుంటుందో, దానికి 2.2 రెట్లు ఏళ్లు గడిచేకొద్దీ అదనంగా కుదించుకుంటుంది. 28 రోజులకు పడితే 1.6 రెట్లే. కాబట్టి పోట్లు విప్పడమే కాదు, కొత్త స్లాబు మీద ఇటుకల గుట్ట, ఇసుక కుప్ప పోయడం కూడా తప్పే.

నీళ్లు పట్టడం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు. మన ఎండలకు 10 రోజులు. పీపీసీకి అలాంటి ఎండల్లో 14 రోజులు. మళ్లు కట్టి నిలపాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లితే చాలదు.

మందం తగ్గించొద్దు

ఇంకొక్క మాట. కాంక్రీటు ఎంత మంచిదైనా స్లాబు పలచనైతే కుంగుతుంది. స్లాబు బిగువు మందాన్ని మూడుసార్లు గుణించినట్టు పెరుగుతుంది. 4 అంగుళాల కన్నా 5 అంగుళాల స్లాబు దాదాపు రెట్టింపు బిగువు. పెరిగే బరువు నాలుగో వంతే. ఇంజినీరు గీసిన మందంలో అర అంగుళం మిగిల్చినా అది మిగులు కాదు. బాల్కనీ, సజ్జలకు పై వరసలో ఉండాల్సిన ఇనుము, పోసేటప్పుడు కాళ్ల కింద పడి దిగిపోతే మందం ఉన్నా లేనట్టే. కింద కుర్చీలు పెట్టి ఇనుమును నిలబెట్టించాలి.

ఫోన్‌లో ఏం అడగాలి?

1. కంకర ఏ క్వారీది? కొట్టి చూశారా, కడిగారా? వీడియో కాల్‌లో చూపించమనండి.

2. ఇసుక సీసా పరీక్ష చేశారా? ఒండ్రు ఎంత వచ్చింది?

3. సిమెంటు ఏ రకం, ఏ వారం, ఏ సంవత్సరం? సంచి ఫొటో పంపమనండి.

4. సంచికి ఎన్ని లీటర్లు? పైపుతో కాదు, కొలిచిన బకెట్‌తో పోయమనండి.

5. క్యూబులు తీస్తున్నారా? 6 నుంచి 15 క్యూబిక్ మీటర్ల పనికి 2 నమూనాలు, ఒక్కో దానికి 3 క్యూబులు, మొత్తం 6 తీయాలని కోడు. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల ప్రయోగశాలల్లో పరీక్ష చేసేవి చాలా ఉన్నాయి. క్యూబు చెప్పేది బలమే కాబట్టి కంకర సంగతి విడిగా చూడాల్సిందే.

6. సెంట్రింగ్ ఏ తేదీన విప్పుతారు? ఆ తేదీ మేస్త్రీతో ముందే ఒప్పుకుని, అద్దె రోజుల లెక్క కూడా ముందే మాట్లాడుకోమనండి. వారం అద్దె మిగిల్చుకోవడానికి స్లాబును పణంగా పెట్టొద్దు.

ఇక్కడ మనం కట్టే మేడలకు ప్రతి లోడుకూ కాగితం ఉంటుంది, ప్రతి పోతకూ క్యూబు ఉంటుంది, చూసుకునే ఇంజినీరు ఉంటాడు. ఊళ్లో మన ఇంటికి ఇవన్నీ చూడాల్సింది అమ్మానాన్నలు, భార్య, తమ్ముళ్లు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మనకు తెలుసు. పైసలతో పాటు ఈ తెలివి కూడా పంపాలి. ఈ నెలలో ఎవరింట్లో స్లాబు ఉందో వాళ్లు ఈ పేజీని ఫొటో తీసి ఇవాళే ఇంటికి పంపండి. మేస్త్రీకి కూడా చదివి వినిపించమనండి.